పన్నెండేళ్ళ రమ్ము, పండుగప్ప తలకాయ

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా వాకిట్లో నాలుగు చినుకులు పడితే నేను కావలి దాకా వరద పారిస్తాను. దోమ కుట్టిందని చెప్పాల్సి వస్తే ముందు దాని రెక్కల వెడల్పుతో మొదలుపెడతాను. కాబట్టి కింద రాసిన దాంట్లో మీకు తోచినంత తరుగు తీసేసుకోండి. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో తీసే తరుగు చాలదు, ఇంకాస్త ఎక్కువే తీయండి. ఒక్క ముక్క మాత్రం పూర్తిగా కల్పితం. అదేదో చివర్లో నేనే చెబుతాను.

మా అత్తగారింట్లో చేపల పులుసు వండితే తలకాయ పెద్దల్లుడిది. పెళ్ళైన కొత్తలో అత్త నా పళ్ళెంలో ఒక పండుగప్ప తలకాయ వేసింది. ఆ రోజు నుంచి అది నా పదవి. ఎమ్మెల్యేలు మారారు, ప్రభుత్వాలు మారాయి, నా తలకాయ మాత్రం చెక్కు చెదరలేదు. నాకు జీవితంలో వేరే హోదా ఏదీ దక్కలేదు గనక దీన్ని నేను ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చానో చెప్పక్కర్లేదు.

పోయినేడు ఒక ఆదివారం ఆ పదవికి ఎసరు పడింది. పెట్టినవాడు మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. చెన్నైలో ఏసీ గదిలో కూర్చుని ఏదో చేస్తాడు. ఏం చేస్తాడో అతను చాలాసార్లు వివరించాడు, నేను అన్నిసార్లూ నిద్రపోయాను.

మామకు వెంకటాచలం దగ్గర హైవే దిగి సముద్రం వైపు పోతే రొయ్యల గుంటలున్నాయి. గట్టు పక్కనే ఇల్లు. లోపల అత్త మామిడికాయ వేసి పండుగప్ప పులుసు పెడుతోంది. వసారాలో మామ, నేను. అప్పుడు దిగాడు మా తోడల్లుడు, చంకలో ఒక చెక్కపెట్టెతో. పెట్టెలో గడ్డి, గడ్డిలో వెల్వెట్టు సంచి, సంచిలో సీసా. మా ఆవిడ ప్రసవానికి ఆసుపత్రికి పోయినప్పుడు కూడా మేము అంత జాగ్రత్త తీసుకోలేదు.

"మామా, ఇది మీకోసమే. పన్నెండేళ్ళు ఓక్ పీపాలో ఊరిన రమ్ము," అన్నాడు.

"నేను తాగను గదా అబ్బయ్యా."

"తాగొద్దు మామా, వాసన చూడండి చాలు. ఇది తాగే వస్తువు కాదు, అనుభవించే వస్తువు."

మామ నిజంగానే మందు ముట్టడు. కానీ ఆయనకు ముక్కే సర్వస్వం. గుంట అడుగు నుంచి గుప్పెడు బురద తీసి వాసన చూసి, రొయ్యలు రాత్రి ఎట్టా పడుకున్నాయో చెప్పేస్తాడు. ఆ సంగతి తెలిసే గురి చూసి కొట్టాడు మా తోడల్లుడు.

గ్లాసులు కూడా వాడే తెచ్చుకున్నాడు. పొట్ట పెద్దది, నోరు చిన్నది. ఆ రెండో లక్షణం ఆ గ్లాసుల్ని చూసైనా అతను నేర్చుకోలేదు. బిరడా తీయడానికి అతను పట్టిన సమయంలో గూడూరు జంక్షన్లో ఒక గూడ్సు బండి గార్డు పెట్టె దాకా పూర్తిగా దాటిపోయి ఉంటుంది. మా ముగ్గురికీ పోసింది చూస్తే పిల్లలకు దగ్గు మందు అంతకంటే ఎక్కువే పోస్తాం. తన గ్లాసు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు.

"మొదట వెనిల్లా వస్తుందన్నా. దాని వెనకాల ఎండు ఖర్జూరం. తర్వాత పొగాకు, తోలు."

"తోలా?"

"పాత తోలన్నా."

"చెప్పులు బయటే గదా విడిచినాం మనం?"

మామ నవ్వాడు. అతను నవ్వలేదు. "నాలుక కింద పెట్టుకుని ఆగాలన్నా. చివర్లో పొగ తగులుతుంది. ఆ పొగే దీని క్యారెక్టరు."

నాకు తెలిసి క్యారెక్టరు అనేది పెళ్ళి సంబంధాలప్పుడు వాకబు చేసేది. "ఒక నిమ్మకాయ పిండుకుందామా?" అని అడిగాను. చంటిబిడ్డ కళ్ళలో కారం కొట్టిన వాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను.

ఇంతలో మామ ముక్కు గ్లాసులోకి పోయింది. పోయింది పోయినట్టే ఉంది, బయటికి రాదే! ఎట్టకేలకు తల ఎత్తి, "బో ఉండాదే ఇది," అన్నాడు. వంటింట్లోంచి అత్త గొంతు: "చిన్నల్లుడికి ఎంత తెలుసో చూడండి!" ఆ మాటతో బాటే పులుసు వాసన కూడా వచ్చింది. నా కళ్ళ ముందు పండుగప్ప తలకాయ నా పళ్ళెంలోంచి దొర్లుకుంటూ అతని పళ్ళెంలోకి పోవడం స్పష్టంగా కనిపించింది.

ఇక ఊరుకుంటే లాభం లేదు.

"ఇంతకీ దీన్ని దేంతో చేస్తారు తమ్ముడూ?"

"చెరకు మడ్డితో అన్నా. మొలాసిస్. ఈస్ట్ వేసి పులియబెట్టి, కాచి..."

"మామా, వింటివా? ఇది మన డ్రమ్ములో సరుకే. కాస్త ముసలిది, అంతే!"

మా తీరంలో ఏ రొయ్యల గుంట దగ్గరైనా ఒక నీలం డ్రమ్ము ఉంటుంది. అందులో మొలాసిస్, తవుడు, ఈస్ట్ కలిపి నానబెడతారు. నురుగు కక్కి, మాగిన అరటిపండు వాసన మొదలవగానే గుంటలో చల్లుతారు. నీళ్ళు బాగుపడతాయి, రొయ్య హుషారుగా మేత తింటుంది. మామ మళ్ళీ గ్లాసు వాసన చూశాడు. ముఖం వెలిగింది.

"అవును సుమీ! మనది రెండు రోజులకే చల్లేస్తాం. వీళ్ళు పన్నెండేళ్ళు ఊరబెట్టినారా?"

"అవును మామా."

"అయితే ఎంత బలం పట్టుంటాదో!"

తన మాట మామకు ఎక్కిందని మా తోడల్లుడు పొంగిపోయాడు. రమ్ము పరువు తీశానని నేను పొంగిపోయాను. అదే ఊపులో అతన్ని గుంటలో నీళ్ళు చిలికే కొత్త ఏరేటర్లు చూపిస్తానని గట్టు మీదికి లాక్కుపోయాను. దారి పొడుగునా అతను పీపాల గురించి చెప్పాడు. ఏరేటరు చప్పుడు ఎంత గొప్పదో నాకు అప్పుడే తెలిసింది.

తిరిగొచ్చేసరికి సీసా గట్టు మీద అడ్డంగా పడుకుని ఉంది. మామ తెడ్డుతో డ్రమ్ము కలుపుతున్నాడు.

"వాన పడినకాడి నుంచి రొయ్యలు మేత ముట్టడంలే," అన్నాడు తృప్తిగా. "నాకే గదా ఇచ్చినావు? నేనేమో తాగను. అంత మంచి వస్తువు ఊరికే పెట్టుకోని ఏం చేసుకోను నాయనా!"

ప్రతి వాసనకూ ఒక పేరు పెట్టే మనిషి ముందు ఖాళీ సీసా ఎత్తి వెలుగులో చూశాడు. మెల్లగా డ్రమ్ము దగ్గరికి పోయి వంగాడు.

"వెనిల్లా వస్తా ఉండాదా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"వస్తా ఉందన్నా," అన్నాడు. ముక్కు మాత్రం డ్రమ్ము మీది నుంచి తీయలేదు.

భోజనాలప్పుడు అత్త గరిటెతో తలకాయ ఎత్తింది. నా పళ్ళెం దాకా వచ్చింది గరిటె. అక్కడ ఆగి, "పాపం, చిన్నోడి మొహం ఎట్టా వాడిపోయిందో చూడు," అంటూ అతని పళ్ళెంలో వేసేసింది. నాకు తోక ముక్క వచ్చింది. అతను తలకాయను చెంచాతో తిన్నాడు. చెంచాతో! జుర్రాల్సిన ఎముకలన్నీ పక్కన పేర్చి, అసలు రుచంతా ఉండే కళ్ళు వదిలేశాడు.

ఇప్పుడు ఆ కల్పితం ముక్క సంగతి. డ్రమ్ము నిజం, తెడ్డు నిజం. అత్త జాలి పడిందన్నదే నేను అల్లింది. వడ్డించేటప్పుడు అత్త ఎవరి మొహమూ చూడదు. తలకాయ ఎప్పటిలాగే నా పళ్ళెంలోనే పడింది. దాన్ని తీసి అతనికి వేసింది నేనే.

గట్టు మీద నుంచి వచ్చాక వసారాలో నేను ముట్టని నా గ్లాసు అడుగున ఆ కాస్తా అట్టాగే కనిపించింది. పారబోయబోయి, ఎందుకో నోట్లో పోసుకున్నాను. నిమ్మకాయ లేకుండానే. బెల్లం పాకం అడుగంటితే గిన్నె గీకి తింటామే, ఆ రుచి. అది పోయింది అనుకునేలోపు కొత్త దూలం కోస్తున్నప్పటి చెక్క వాసన. అది దిగాక చాలాసేపటికి, వాడు చెప్పిన ఆ పాడు పొగ. మామ వాసన చూశాడే గానీ రుచి చూడలేదు. డ్రమ్ములో పోయింది ఏమిటో ఆ ఇంట్లో తెలిసింది మా ఇద్దరికే. ఆ మాట వాడి మొహాన చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకని తలకాయ వేశాను.

కళ్ళు వదిలేసిన మాట మాత్రం అక్షరాలా నిజం. దానికి తరుగు తీయకండి.