జామీను నిలిచిన బాబాయిగారు

మా ఎదురింటి బాబాయిగారు నిద్రలోనే పోయారని పిన్నిగారు కేకేసి రెండు నెలలు కావస్తోంది. కడియంలో ఆయన అంటుకట్టిన మామిడిమొక్క లేని వీధి ఉండదు. మా ఇంట్లో మాత్రం ఆయన గుర్తు మొక్క కాదు, మా తమ్ముడు.

రెండేళ్ళ కిందట మొక్కల లోడు దగ్గర జరిగిన కొట్లాటలో ఒకతనికి తల పగిలింది. లారీ తోలే మా తమ్ముడి పేరూ కేసులోకెక్కింది. పోలీసులు పట్టుకెళ్ళి మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారు. రిమాండు పడింది. కొన్నాళ్ళకు బెయిలొచ్చిందని ఫోన్ రాగానే, మా అమ్మ దిష్టి తీయడానికి బూడిదగుమ్మడికాయ చంకన పెట్టుకుని రాజమండ్రి జైలు గేటు దగ్గరకు వెళ్ళి నిలబడింది. బెయిలంటే మనిషి బయటికొచ్చేయడమే అనుకున్నాం మరి. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు.

"ఆర్డరొచ్చిందండి, నిజమే. కానీ ఇద్దరు జామీను ఉండాలి కదండీ. కేసు అయ్యేదాకా ప్రతి వాయిదాకీ ఇతను వస్తాడని, ఆస్తి కాగితాలు చూపించి కోర్టులో పూచీ పడాలి. అప్పుడే వదులుతారు" అన్నారు వకీలుగారు.

లారీ ఓనరు ఒకరు ఒప్పుకున్నారు. రెండో మనిషి దొరకలేదు. మా మేనమామకైతే ఆ వారమంతా పెళ్ళిళ్ళే! గుమ్మడికాయతో తిరిగొచ్చిన అమ్మను చూసి బాబాయిగారు ఏమైందని అడిగారు, అంతే. మర్నాడు పొద్దున్నే పొలం కాగితాలు మొక్కల కవర్లో చుట్టుకుని మా గుమ్మంలో ఉన్నారు.

"పదమ్మా, బస్సెళ్ళిపోద్ది."

"ఈ అబ్బాయి మీకేమవుతాడు?" అని మేజిస్ట్రేటుగారు అడిగారు.

"చుట్టరికం లేదండి. ఎదురిల్లండి. పొద్దున్నే వీడు హారన్ కొడితేగానీ నాకు తెల్లారదండి" అన్నారాయన. కోర్టులో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం అదే గుమ్మడికాయను అమ్మ మా గుమ్మం ముందు పగలగొట్టింది.

అప్పటినుంచి వాయిదా రోజున ఉతికిన పంచె కట్టుకుని మా అరుగు మీద కూర్చునేవారు.

"నేనేమన్నా పారిపోతానా బాబాయిగారూ?" అని తమ్ముడు విసుక్కునేవాడు.

"అంటు అతుక్కునేదాకా కట్టు విప్పకూడదురా. పద" అనేవారు. బస్సులో కేసు మాటెత్తేవారు కాదు. కోర్టు దాకా మొక్కల కబుర్లే.

బాబాయిగారి దినాలయ్యాక వకీలుగారు చెప్పారు, జామీనుదారు పోతే ఆయన పూచీ అంతటితో సరి అని. ఇంకొకరిని చూపించకపోతే తమ్ముడు మళ్ళీ లోపలికి వెళ్ళాల్సి రావచ్చు. ఆ పుట్టెడు దుఃఖంలో పిన్నిగారి దగ్గర ఈ మాట ఎలా ఎత్తుతాం? ఎవరు చెప్పారో తెలియదు, ఆవిడే వచ్చారు. ఇంకా గడప దాటకూడదని చుట్టాలు అంటున్నా వినలేదు.

"మా పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన అరెకరం నా పేరునే ఉందమ్మా. ఆయన కట్టిన కట్టు నేను విప్పుతానేంటి?"

కోర్టులో మళ్ళీ అదే ప్రశ్న. పిన్నిగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "మావారు నాకు ఒప్పజెప్పి వెళ్ళిన పిల్లాడండి" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మొన్న వాయిదా రోజున తలుపు తీసేసరికి పిన్నిగారు మా అరుగు మీద ఉన్నారు. బాబాయిగారు కూర్చునే చోటు ఖాళీగా వదిలి, పక్కన కూర్చున్నారు.