నికొలాసా గది గోడ మీద మా జెండా

ఆ సోమవారం జెండా వందనం ముగిసి పిల్లలంతా గదుల్లోకి వెళ్ళాక, ఖాళీ ఆవరణలో ఒక్క గాలి విసురు వచ్చి మా హెడ్మాస్టరు డాన్ ఎవరిస్తో గారి జుట్టును తల మీంచి ఎత్తుకుపోయింది. ఆయన నాలుగు పక్కలా చూశారు. ఎవరూ లేరు. నీళ్ళ తొట్టి పక్కన పడ్డ జుట్టును ఏరుకుని, రెండుసార్లు దులిపి, నెత్తిన పెట్టుకుని, ఒకసారి దగ్గి, తన గదివైపు నడిచారు. జరిగింది ఇంతే.

సరిగ్గా అప్పుడే మొదటి గదిలో ముప్పై ఒక్కమంది పిల్లలు ఇదంతా గోడ మీద, రంగులతో సహా, తలకిందులుగా చూస్తున్నారు.

తప్పు నికొలాసా వరాచిది. పూనో పట్నం దాటాక మా చలి మెట్టల బడిలో సైన్సు చెప్పేది ఆవిడే. ఆవిడ గది కిటికీకి చెక్క తలుపులు. అందులో ఒకదాని చెక్కలో ముడి ఊడి, బఠాణీ గింజంత కన్నం పడింది. ఇంకొకరైతే గుడ్డ కుక్కి ఊరుకునేవారు. ఆవిడ మిగతా సందులన్నీ దుప్పట్లతో మూసి, ఆ కన్నాన్ని మాత్రం దేవుడిచ్చిన సామగ్రిలా కాపాడుకుంది. బయట ఎండ కాస్తే చాలు, పైనుంచి వచ్చే వెలుగు కన్నంలోంచి నేరుగా కిందికి, కిందిది నేరుగా పైకి పోయి, ఎదుటి సున్నపు గోడ మీద ఆవరణంతా తలకిందులుగా వాలేది.

ఆవిడ పద్ధతే అంత. వెలుగు వస్తువుకు తగిలి ఎలా మళ్ళుతుందో చూపడానికి, కండెలారియా పండగలో తాను ఆడిన నాట్యం దుస్తుల మీది అద్దాలన్నీ పీకి పిల్లలకు పంచింది. ఎండ ముక్క ఒక పిల్లాడి చేతిలోంచి ఇంకొకడి చేతికి దూకుతూ, గదంతా తిరిగి, తలుపులోంచి బయటపడి, పక్క గదిలో లెక్కలు చెబుతున్న నా కంట్లో పడింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో, ఆ పండగకు ఊరంతా తళతళలాడుతుంటే ఆవిడ ఒక్కతే మసక లంగాతో ఆడింది. ఒకసారి గ్లాసు నీళ్ళలో చెంచా పెట్టి చూపిస్తే, "టీచర్, విరిగింది! నేను ముట్టుకోలేదు!" అని ఒక పిల్ల భోరుమంది.

జుట్టు విషయంలో మాత్రం ఆవిడ మొహం కదలలేదట. "గాలి పాఠం మనకు వచ్చే ఏడాది. ఇప్పుడు వెలుగు సంగతి చూడండి," అందట. కానీ వెనక బెంచీలో ఎవడో చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాతి నవ్వు విని డాన్ ఎవరిస్తో తలుపు తోసుకుని వచ్చారు. గోడ చూశారు. అర్థమైంది.

జుట్టు గురించి ఫిర్యాదు రాయలేరు కదా. అందుకని జెండా గురించి రాశారు: జాతీయ పతాకాన్ని పిల్లల ముందు తలకిందులు చేసి అవమానించారని. వచ్చే సోమవారం తల్లిదండ్రుల ఎదుట ఆ కిటికీకి చెక్క పలక కొట్టించి, వాళ్ళ సంతకాలతో ఆ కాగితాన్ని పై ఆఫీసుకు పంపుతానన్నారు. నికొలాసాది ఏటేటా రాసుకునే కాంట్రాక్టు ఉద్యోగం, పదకొండేళ్ళుగా. ఆ కాగితం వెళ్ళిందంటే మార్చిలో కొత్త చదువుల ఏడు మొదలయ్యేసరికి ఆవిడకు బడి ఉండదు.

"పోయి ఒక్క మాట క్షమించమని అడగరాదూ," అన్నాను.

"దేనికక్కా? వెలుగు వంకర పోనందుకా?"

సోమవారం వచ్చింది. జెండా ఎక్కింది. తల్లిదండ్రుల సంఘం పెద్ద సతుర్నీనా, సంతలో ఎండు బంగాళాదుంపలు అమ్మే మనిషి, వాళ్ళందరినీ తోలుకొచ్చింది. ఆ జెండా కుట్టింది కూడా ఆవిడే. నిలువుగా మూడు పట్టీలు, ఎరుపు, తెలుపు, ఎరుపు. మధ్యలో రాజముద్ర కుట్టడానికి తన కళ్ళు ఆనవని ఉత్త పట్టీలతో సరిపెట్టింది. ఆవిడ మొగుడు కాసిమీరో సుత్తి, పలక పట్టుకుని ఆవరణలో కూర్చున్నాడు.

"కొట్టేముందు ఒక్కసారి చూసిపోండి," అని నికొలాసా అందరినీ గదిలోకి పిలిచి తలుపు మూసింది.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. మెల్లగా గోడ మీద ఆకాశం కిందా, నేల పైనా తేలాయి. నీళ్ళ తొట్టి కప్పుకు వేలాడుతోంది. ఒక కుక్క ఈగలా పైకప్పు వెంట నడిచిపోయింది. ఎవరో శిలువ గీసుకున్నారు. కాసిమీరో గబ్బిలంలా వేలాడుతూ, అటూ ఇటూ చూసి, మెల్లగా పక్కనున్న తిండి మూట విప్పాడు.

"అది నా జున్ను!" సతుర్నీనా కిటికీ దగ్గరికి దూకి కన్నంలో నోరు పెట్టింది. "ఒరేయ్ కాసిమీరో! పెట్టెయ్ వెనక్కి! అది మధ్యాహ్నానికి!"

ఆవిడ మొహం కన్నానికి అడ్డం వచ్చి ప్రపంచం ఆరిపోయింది. మళ్ళీ వెలిగేసరికి కాసిమీరో రెండు చేతులూ చాపి ఆకాశంవైపు చూస్తున్నాడు. గది పగలబడి నవ్వింది.

"ఇంకొంచెం జరగవమ్మా, బయట మా ఆయనేం చేస్తున్నాడో చూడాలి," అంది ఒకావిడ.

"మీ ఆయన్ని చూడ్డానికి వెలుగెందుకే, గురక వినపడట్లా?" అంది పక్కావిడ.

డాన్ ఎవరిస్తో బల్ల గుద్దారు. గుద్దే ముందు మాత్రం ఇంకో చేత్తో జుట్టు పట్టుకున్నారు. "నవ్వులాట కాదిది! దేశం పరువు! జెండాను ఎలా తలకిందులు చేసిందో అందరూ కళ్ళారా చూడండి!"

అందరూ గోడ మీది జెండాను చూశారు. సతుర్నీనా దగ్గరికి వెళ్ళి, తన కుట్లు వెతుక్కుంటున్నట్టు మెడ ఇటు వంచీ అటు వంచీ చూసి, నికొలాసా వైపు తిరిగింది.

"ఎరుపు, తెలుపు, ఎరుపు... మనమందరం తలకిందులైనా అదొక్కటే అలాగే ఉంది సార్," అంది నికొలాసా.