బీరువా మీద యుద్ధం

వీధిలో అందరూ ఆయన్ని కళ్ళజోళ్ళాయన అంటారు. దుకాణం చిన్నది. వెనక గదిలో ఒక ఎత్తు కుర్చీ, ఎదురుగోడ మీద అక్షరాల పట్టిక, పక్కన బల్ల మీద అద్దాల పెట్టె. ఆయనకు పేరు తెచ్చింది మాత్రం అద్దాలు కాదు, ఓపిక. కుర్చీలో కూర్చున్న మనిషి నాలుగో వరస దగ్గర ఆగి, కళ్ళు చికిలించి ఎంతసేపు తడుముకున్నా సరే, ఆయన అక్షరం అందించడు. "తొందరేం లేదండీ, కనిపించిందే చెప్పండి" అని గోడకు ఆనుకుని నిలబడతాడు. అలా నిలబడడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

సాయంత్రం దుకాణానికి తాళం వేసేటప్పుడు ఆ ఓపికను కూడా లోపలే పెట్టి తాళం వేస్తాడని ఇంట్లోవాళ్ళ అనుమానం. భార్యది ఆసుపత్రి మందుల కౌంటర్లో ఉద్యోగం, మధ్యాహ్నం రెండు నుంచి తొమ్మిది దాకా. సాయంత్రం దాకా పక్కింటావిడ చూసుకున్నా, అక్కణ్ణుంచి భార్య వచ్చేవరకూ తొమ్మిదేళ్ళ కూతురూ, ఏది దొరికినా ముందు నోట్లో పెట్టుకుని తరవాత ఆలోచించే మూడేళ్ళ కొడుకూ ఆయన పాలబడతారు. హోంవర్కు ఒకవైపు, గిన్నెలు ఒకవైపు, కుర్చీ కింద దూరిన చిన్నోడు ఒకవైపు. మనిషికి ఊపిరి సలిపేది కాదు.

ఆ పెట్టె బయటపడింది చిన్నోడి వల్లే. వాడి కోసం అక్క పాత మూడుచక్రాల బండి దింపుదామని ఆయన అటక ఎక్కాడు. బండి తుక్కయిపోయింది. దాని వెనక పెట్టె మాత్రం చెక్కు చెదరలేదు. మూత తీస్తే లోపల మడతలు పెట్టిన పటం, దాని మీద ఒక నది, ఏడు వంతెనలు, ఒక రైలుదారి, వాటన్నిటినీ కప్పేస్తూ తేనెపట్టులాంటి ఆరుమూలల గళ్ళు. సగం ఎరుపు, సగం నీలం అట్టబిళ్ళలు, ఒక్కో బిళ్ళ ఒక్కో దళం. రెండు పాచికలు. నలభై పేజీల నియమాల పుస్తకం. చదువుకునే రోజుల్లో తనతో గదిలో ఉండే స్నేహితుడూ తనూ ఒక్క ఆటను రెండు ఆదివారాలు ఆడేవాళ్ళు. ఒకసారి ఒక వంతెన దగ్గర తగాదా వచ్చి మూడు రోజులు ఎడమొహం పెడమొహంగా తిరిగారు కూడా. తరవాత పెళ్ళి, దుకాణం, పిల్లలు. ఆట అక్షరాలా అటకెక్కింది.

ఇప్పుడు ఆడదామంటే ఎదుటి మనిషి లేడు, చోటు లేదు. భోజనాల బల్ల మీద పరిస్తే పూటకోసారి తియ్యాలి. నేల మీద పరిస్తే చిన్నోడు ఒక్క పూటలో రెండు సైన్యాలనూ మింగేస్తాడు.

"నా నెత్తి మీద పరుచుకోండి, అదొక్కటే ఖాళీగా ఉంది" అంది భార్య.

నెత్తి మాట విన్నాకే ఆయనకు బీరువా తట్టింది. పిల్లల గదిలో ఇనప బీరువా పైభాగం బల్లపరుపుగా, సరిగ్గా పటమంత ఉంది. చిన్నోడికి అందదు. స్టూలెక్కితే తనకు అందుతుంది. బీరువాకు ఆనించి పిల్లల మేడమంచం ఉంది. కింద తమ్ముడు, పైన అక్క. పిల్ల పడుకునేచోటు నుంచి చూస్తే యుద్ధరంగం అంతా కళ్ళెదుటే కనిపిస్తుంది. ఆ సంగతి ఆయన పట్టించుకోలేదు.

రెండు పక్షాలూ తనే ఆడాలి కాబట్టి ఒక ఏర్పాటు చేసుకున్నాడు. పొద్దున దుకాణానికి వెళ్ళేముందు ఎర్రవాళ్ళ ఎత్తు, సాయంత్రం నీలంవాళ్ళ ఎత్తు. ఎవరి వంతు వచ్చిందో, ఎవరు ఎటు కదిలారో, ఏం జరిగిందో ఒక నోటుపుస్తకంలో రాసేవాడు. తనతో తను ఆడే ఆటలో దొంగాట ఆడడం ఎంతసేపు? కానీ ఆయన ఏ పూట ఏ పక్షమో ఆ పూటకు ఆ పక్షానికే ప్రాణం పెట్టేవాడు. స్టూలు మీద నిలబడి, ఫ్యాను రెక్కలకు కాస్త దూరంలో తల పెట్టి, పాచికలు అరచేతిలో ఆడిస్తుంటే ఆయనకు ప్రాణం లేచొచ్చేది. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ మనిషి ఎవరూ చెప్పని పని ఒకటి చేస్తున్నాడు.

ఎవరో చెప్పిన పని ఇంకొకటి కూడా ఉంది. కూతురికి నత్తి. పెద్దదేం కాదు, కొన్ని అక్షరాల దగ్గర మాట ఇరుక్కుంటుంది. మాటల డాక్టరమ్మ ఒకటే చెప్పింది: రోజూ పది నిమిషాలు ఇంట్లో ఒకరు పిల్లకు ఎదురుగా కూర్చోవాలి, అది చెప్పేది వినాలి, మధ్యలో మాట అందించకూడదు. భార్య డ్యూటీలో ఉంటుంది కాబట్టి ఆ పది నిమిషాలు సాయంత్రం నాన్న వంతుకు వచ్చాయి.

ఆయన ఒక చేత్తో చిన్నోడికి తినిపిస్తూ కూర్చునేవాడు.

"నాన్నా, ఇవాళ బ... బ..."

"బడిలోనా?"

"ఊఁ."

"బొమ్మ వేయించారా?"

"ఊఁ."

కబుర్లు బాగానే సాగుతున్నాయనుకునేవాడు. పది నిమిషాల పని నాలుగు నిమిషాల్లో తెమిలిపోయేది. మిగిలిన ఆరు నిమిషాలు బీరువాకు పోయేవి.

మొదటి రెండు ఆటల్లోనూ ఎర్రవాళ్ళు గెలిచారు. పటంలో వాళ్ళవైపు నేల అనుకూలంగా ఉందనుకున్నాడు. మార్పు కోసం మూడో ఆటకు పూటలు మాత్రం తారుమారు చేశాడు. నీలం పొద్దున, ఎరుపు సాయంత్రం. ఈసారి నీలం చేతిలో ఎర్రవాళ్ళు చిత్తుగా ఓడారు. ఆయన తల గోక్కుని నాలుగో ఆట కూడా అలాగే పరిచాడు. వారం తిరక్కుండానే ఎర్రవాళ్ళకు రెండు వంతెనలు పోయాయి.

ఆ వారంలోనే భార్య పిల్లను డాక్టరమ్మకు చూపించి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం బట్టలు మడత పెడుతూ నెమ్మదిగా చెప్పింది.

"మూడు నెలల కింద కంటే మాటలు తగ్గాయటండీ."

"నత్తి ఎక్కువైందా?"

"నత్తి కాదు, మాటలే. బడిలో మాట్లాడుతోంది, నాతో మాట్లాడుతోంది. మీతోనే మానేస్తోంది."

"నాతో రోజూ కూర్చుంటోందిగా. నేను దానికి సాయం చేస్తూనే ఉన్నా."

"కూర్చుని, 'ఏం లేదు నాన్నా' అని లేచిపోతోంది. ఇది అలవాటైపోతే పెద్దయ్యాక మీతో చెప్పడానికి దానికి ఏమీ ఉండదు. చూసుకోండి."

ఆయనకు ముక్కు మీదికి కోపం వచ్చింది. వెళ్ళి స్టూలెక్కాడు. అప్పటికే ఎర్రవాళ్ళ ఎత్తు వేళ అవుతోంది. పోయిన వంతెనల సంగతి చూద్దామని నోటుపుస్తకం వెనక్కి తిప్పాడు.

ఆ ఆటలో నియమం ఒకటుంది. సరుకు బండి వెనక నుంచి వచ్చి చేరేదాకా ఏ దళానికీ పూర్తి బలం ఉండదు. అందాకా ఆగాలి. పొద్దుటి ఎత్తుల్లో "బండి కోసం ఆగారు" అని పేజీకి రెండుసార్లు రాసి ఉంది. సాయంత్రం ఎత్తులు చూస్తే అన్నీ ఒకే మూస. బండి రాకముందే దాడి, ఓటమి. ఆగలేదు, దాడి, ఓటమి. ఎర్ర సైన్యమైనా నీలం సైన్యమైనా అదే రాత, అదే చెయ్యి. లోపం రంగులో లేదు, పటంలో లేదు. సాయంత్రం ఆడేవాడికి ఆగడం చేతకాదు.

ఆగగలిగే మనిషి పొద్దున బీరువాకూ, పగలంతా ముక్కూమొహం తెలియనివాళ్ళ కళ్ళకూ పోతున్నాడు. అలిసి, తెమల్చుకోవాలని చూసే మనిషి కూతురికి మిగులుతున్నాడు. ఆయనకు సిగ్గేసింది. మామూలుగా కాదు, చెవులు వేడెక్కేంత సిగ్గు.

మర్నాడు పొద్దున ఆయన ఎత్తు వెయ్యలేదు. అదే స్టూలును పైమంచం వైపు తిప్పుకుని ఎక్కి నిలబడ్డాడు. కూతురు దుప్పట్లోంచి అనుమానంగా చూసింది.

"పది నిమిషాలు ఇప్పుడే కూర్చుందాం, అమ్మడూ. సాయంత్రం వద్దు."

"ఏం లేదు నాన్నా."

"లేకపోతే లేదు. నేనుంటాను."

ఆ రోజు నిజంగానే ఏమీ లేదు. రెండో రోజూ, మూడో రోజూ అంతే. పిల్ల గోళ్ళు చూసుకుంది, ఆయన గోడ చూశాడు. లోపల ఒకటే బెంగ, ఈపాటికే ఆలస్యమైపోయిందేమోనని. అయినా పదో నిమిషం దాకా కదల్లేదు.

నాలుగో రోజు పిల్ల మోచేతుల మీద లేచి బీరువా మీదికి చూసింది.

"నాన్నా, ఎ... ఎర్రవాళ్ళు..."

ఆయనకు తెలిసిపోయింది. ఎందుకు ఓడిపోతున్నారు అని అడగబోతోంది. మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆయన పళ్ళు బిగించి మంచం కమ్మీ పట్టుకున్నాడు. అవతల గదిలో చిన్నోడు దేనికో గోల పెడుతున్నాడు, వాళ్ళమ్మ వాణ్ణి బుజ్జగిస్తోంది. పిల్ల పెదవులు అదే అక్షరం మీద మూడుసార్లు ఆగాయి. ఆయన ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు.

"ఎర్రవాళ్ళని... సా... సాయంత్రం... నే... నేను ఆడించనా?"

తను అందించబోయిన మాట అది కాదు. దానికి దగ్గరగా కూడా లేదు. తను అందించి ఉంటే పిల్ల ఎప్పటిలాగే ఊఁ అనేది, కబురు అక్కడితో ముగిసేది.

"ఆడించు. రేపటి నుంచి కాదు, ఇవాళ్టి నుంచే" అన్నాడు. తరవాత అడగాలా వద్దా అని తటపటాయించి అడిగేశాడు. "అమ్మడూ, ఇన్నాళ్ళూ నీ మాటలు నేను ముగించేవాణ్ణి కదా. నువ్వు అనబోయినవి అవేనా?"

పిల్ల వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"కొన్ని."

"మరి మిగతావి? అది కాదు నాన్నా అని చెప్పొచ్చు కదా."

ఆ మాట చెప్పడానికి దానికి చాలాసేపు పట్టింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"కా... కాదంటే... మళ్ళీ మొ... మొదట్నుంచీ చె... చెప్పాలి కదా నాన్నా."

కళ్ళజోళ్ళాయన మంచం కమ్మీకి నుదురు ఆనించుకుని అలాగే ఉన్నాడు. పిల్ల ఒక చెయ్యి చాపి ఆయన జుట్టు సవరించింది. ఆ పూట దుకాణం ముందు ముగ్గురు నిలబడి, ఈ మనిషికి ఏమైందా అని చూసుకుంటూ చాలాసేపు ఎదురుచూశారు.