ఆ వరసలో మూడో ఆమె

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నాలుగు నిమిషాల వీడియో అది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనిలేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పబోయి ఎన్నిసార్లు మాట మార్చేశానో లెక్కలేదు.

అరకులో పెళ్ళి వీడియోలు తీస్తాను. మాది కింద మైదానం ఊరు. పని కోసం కొండెక్కి ఇక్కడే ఉండిపోయాను. ఎడిటింగ్ అంతా ఇంట్లోనే, ఒక పాత కంప్యూటర్ మీద. తీసిన ముక్కలన్నీ కలిపి టీవీలో ఆడే ఫైలుగా మార్చాలి కదా, ఆ ఎన్‌కోడింగ్‌కి రోజున్నర పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. పెళ్ళైన జంటకి బిడ్డ పుట్టాక గాని వీడియో ఇవ్వడని నా మీద జోకులు వేసేవారు. నవ్వేవాణ్ణి గాని, లోపల మండేది.

అనంతగిరి దగ్గర ఒక గూడెంలో, బుద్రి అనే అమ్మాయి వాళ్ళ అన్న పెళ్ళి తీశాను. పెళ్ళి భాగం ఇచ్చేశాను, ఆడవాళ్ళు కలిసి థింసా నాట్యం ఆడిన భాగం మిగిలిపోయింది. ఇదిగో అదిగో అంటుండగానే వానలు వచ్చేశాయి. ఆ వానల్లోనే జ్వరం వచ్చి బుద్రి తల్లి పోయింది. కెమెరా చూస్తే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి ఆమె. పెళ్ళి భాగంలో ఎక్కడా కనబడదు. థింసాలో మాత్రం సిగ్గు మరిచిపోయి ఆడింది. ఆధార్ కార్డు మీది ఫోటో తప్ప ఆ ఇంట్లో ఆమె బొమ్మ ఇంకొకటి లేదు.

థింసా వీడియో ఇమ్మని బుద్రి ఫోన్ చేస్తే సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఆలస్యం చేయకూడదని విశాఖ వెళ్ళి కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ డిస్కు తెచ్చాను. విండోస్ ఎక్కించే ముందు పాత డిస్కు వైరు పీకేయమని షాపతను చెప్పాడు. విన్నాను. పీకలేదు. స్పీడెంతో చూడాలన్న తొందర. తెర మీద రెండు డిస్కులు కనబడ్డాయి, రెండూ ఒకే సైజు. ఒకదాన్ని చెరిపేశాను. అది పాతది, థింసా ఉన్నది అందులోనే. కెమెరా కార్డులేమో అప్పటికే వేరే పెళ్ళిళ్ళకి వాడేశాను. మూడు రోజులు రికవరీ సాఫ్ట్‌వేర్లతో కుస్తీ పట్టినా ఒక్క ఫైలూ తెరుచుకోలేదు.

ఇంతవరకు పొరపాటు. ఇంతే అయితే ఇది రాసేవాణ్ణి కాదు.

జి.మాడుగుల వైపు ఇంకో పెళ్ళిలో తీసిన థింసా కార్డు కెమెరా సంచిలోనే ఉంది. ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపి వరసగా ఆడుతుంటే వెనక నుంచి తీసిన ముక్క అందులో దొరికింది. ముఖాలు కనబడవు. వాళ్ళ చీరలు పచ్చవి, బుద్రి వాళ్ళవి ఎర్రవి. రంగు మార్చాను. డోలు వాయింపులో తేడా పట్టేస్తారని ఆ చప్పుడు తీసేసి ఏదో సంగీతం పెట్టాను. వరస ఇటు తిరిగే చోటికి ముందే కత్తిరించాను. కొత్త కంప్యూటర్ మీద నేను చేసిన మొదటి పని అదే. టీ తాగేలోపు ఎన్‌కోడింగ్ అయిపోయింది. ఆ వేగానికి ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

వీడియో పోయిందని చెప్పొచ్చుగా? ఎందుకు చెప్పలేదు? ఆమె ఏడుస్తుందనా, నా పేరు పోతుందనా? ఆమె కోసమేనని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాదు, పేరు కోసమే.

బుద్రి మా ఇంటికొచ్చి ఆ కంప్యూటర్ ముందే కూర్చుని చూసింది. తెర మీద వేలు పెట్టింది.

"అన్నా, ఈ మూడో ఆమె మా అమ్మే కదేటి? ఎడం కాలు ఇలాగే ఈడుస్తాది."

"అవునమ్మా. మీ అమ్మే."

"మొకం ఇటు తిరిగినాది లేదేటి?"

"లేదమ్మా. అక్కడికి బ్యాటరీ అయిపోనాది."

"పోనీలే అన్నా. ఈపాటైనా దొరికినాది."

నా చేతులు రెండూ పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

ఆ మూడో ఆమె బతికే ఉంది. పోయినేడు వాళ్ళ ఊరికి మళ్ళీ పనిమీద వెళ్తే, నాకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

బుద్రి తల్లి ఆ పెళ్ళి రోజు ఆట ఆపి, రొప్పుతూ నా దగ్గరికొచ్చి, ఎలా వచ్చిందో చూపించమంది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. నవ్వుతోంది. వీడియోలో చూద్దువు గాని అన్నాను. ఒక్క నిమిషం చూపిస్తే నాకేం పోయేది? ఆ నవ్వు ముఖం ఇప్పుడు నా తలలో తప్ప ఎక్కడా లేదు, దాన్ని బయటికి తీసి ఎవరికీ ఇవ్వలేను.

మొన్న బుద్రి తన కూతుర్ని తీసుకొచ్చింది. అమ్మమ్మ పోయాక పుట్టిన పిల్ల. ఆ వీడియో చూసి చూసి థింసా నేర్చుకుందట. మా వాకిట్లో ఆడి చూపించింది, ఎడం కాలు కొంచెం ఈడుస్తూ. బుద్రి మురిసిపోయింది. ఆ వీడియోలోంచి అమ్మ బొమ్మ ఒకటి తీసి, గోడకి పెట్టుకునేలా పెద్దది చేసి ఇమ్మంది. సంత రోజు రమ్మన్నాను. సంత రేపే.

రేపు ఆమెకి చెప్తానా? తెలియదు. చెప్తాననుకోవడం నాకు కొత్త కాదు. ఫోటో మాత్రం ఇంకా తీయలేదు. ఇక్కడైనా ఒక్కసారి నిజం రాయాలి. ఆ వరసలో మూడో ఆమె బుద్రి తల్లి కాదు. బుద్రి తల్లిని నేనే చెరిపేశాను.