బకెట్ల కొటేషనుకు బెల్లం సీలు

నా అతితెలివికి ఒక రేకు దుకాణం మూతపడబోయింది, ఒక సర్కారు కచేరీ ఊరంతటికీ వేడుకైపోయింది. ఏనుగు తొక్కినా ఇంత నష్టం జరిగేది కాదు. నేను తొక్కనుకూడా లేదు, ఉట్టినే ఒక రసీదు రాశాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. అనకాపల్లిలో ఒక కచేరీలో నేను టెంపరరీ గుమాస్తాని. కచేరీ పేరు చెప్పను, అక్కడ పనిచేసినవాళ్ళ మనవలు నాకు స్నేహితులు. నా వయసు ఇరవై ఒకటి. తెలివి అంతకు రెట్టింపని నా నమ్మకం. ఈ విషయంలో నాతో ఏకీభవించినవాళ్ళు ఎవరూ లేరు.

కచేరీకి రెండు డజన్ల రేకు బకెట్లు కావలసివచ్చాయి. బాంబులు పడి నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్ళూ ఇసుకా నింపి వరండాలో పెట్టాలని పైనుంచి ఉత్తర్వు. ఉన్న బకెట్లన్నీ జల్లెళ్ళు. ముగ్గురి దగ్గర సీలు వేసిన కవర్లలో కొటేషన్లు తీసుకుని, అందరిముందూ విప్పి, తక్కువ రేటు చెప్పినవాళ్ళకి ఆర్డరివ్వాలి. హెడ్ గుమాస్తా సన్యాసిరావు గారు ఆ పని నాకప్పగించి, "జాగ్రత్తోయ్" అన్నారు. అంతే, నాకు కొమ్ములు మొలిచాయి. నోటీసు కూడా నేనే రాశాను.

మూడు కవర్లు వచ్చాయి. రెండు ఇనుప సామాన్ల షావుకార్లవి. మూడోది రహీం సాహెబుది. స్టేషను దారిలో చిన్న దుకాణం, తానే సుత్తి పట్టి బకెట్లు చేసే మనిషి. యుద్ధం మూలాన రేకు సర్కారు కంట్రోల్లోకి పోయాక ఆయన సుత్తికి పనిలేదు. సర్కారు ఆర్డరు చూపిస్తేనే రేకుకి పర్మిట్టు ఇస్తారు. "ఇది రాకపోతే దుకానం మూసేసి విశాఖపట్నం రేవులో మూటలు మోయాలి బాబూ" అంటూ కవరు నా చేతిలో పెట్టాడు.

నేను ఓదార్చలేదు. రసీదు రాశాను. ఎవరూ అడగలేదు సుమా! "కవరు అందినది. సీలు చెక్కుచెదరకుండా ఉన్నది" అని గుండ్రటి అక్షరాలతో రాసి, రెండుసార్లు చదువుకుని మురిసి మరీ ఇచ్చాను. సాహెబు దాన్ని మడిచి టోపీలో దాచుకున్నాడు. సీలు కొంచెం నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. మేలురకం లక్క కాబోలనుకుని, మూడు కవర్లూ సొరుగులో పెట్టి తాళం వేశాను.

నాలుగోనాడు ఆఫీసరుగారి ఎదుట సొరుగు లాగాను. లాగి, మూసేశాను. మళ్ళీ లాగాను. తాలూకాలోని చీమలన్నీ పెళ్ళాం బిడ్డలతో సహా అక్కడికి కాపరానికి వచ్చేశాయి! సాహెబు కవరు మీద సీలు సగం లేదు, తక్కిన సగం ఉక్కపోతకి కరిగి లోపలికి కారింది. అనుమానం వచ్చి వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను.

ముదురు బెల్లప్పాకం.

ఆ రోజుల్లో లక్క దొరకదు, దొరికినా ప్రియం. మా ఊళ్ళో బెల్లానికి కరువా? పాకం వేడిగా కవరు మీద పోసి, పైన అణా బిళ్ళ అద్దేశాడు.

మీరైతే నవ్వి ఊరుకునేవారు. నేను సర్కారు పరువంతా భుజాన వేసుకున్నాను. "ఇది లక్క కాదు సార్, పైగా సీలు పగిలింది. కొట్టేయాలి!" అన్నాను. ఆఫీసరుగారు తలూపారు. మిగతా రెండు కవర్లూ విప్పి రేట్లు పైకి చదివేశాం. ఆ పూట రాని సాహెబుకి చీటీ పంపాను.

మర్నాడు చీటీ పట్టుకుని సాహెబు వచ్చాడు.

"ఏటి బాబూ ఇది? లక్క ఏయలేదని కొట్టేసేరట?"

"ఔను. సర్కారు సీలంటే లక్కే."

"మీ నోటీసులో లక్కని రాసేరేటి?"

సన్యాసిరావు గారు నోటీసు తీసి చూశారు. సీలు వేయాలని ఉంది, దేంతో వేయాలో లేదు.

"సరే, సీలు పగిలింది కదా?" అన్నాను.

"నేనిచ్చినప్పుడు పగిలుందా?"

"నేను... అప్పుడు సరిగ్గా చూడలేదు."

సాహెబు టోపీ తీశాడు. రసీదు హెడ్ గుమాస్తా చేతికిచ్చాడు. ఆయన పైకి చదివారు. నా అక్షరాలు అంత స్పష్టంగా ఉన్నందుకు జీవితంలో మొదటిసారి విచారించాను.

"ఏమోయ్, ఈ సీలు ఎవరి సొరుగులో పగిలింది?"

"చీమలండీ..."

"చీమలకి తాళం ఎవరిచ్చేరు?"

కచేరీ గొల్లున నవ్వింది. సాహెబు మాత్రం నవ్వలేదు. "బాబూ, మీమీద గొడవకి రాలేదు. నా కాయితం ఇప్పి సూడండి. రేటు ఎక్కువుంటే నేనే ఎల్లిపోతాను. సూడకుండా కాదంటే ఎలాగ?" అన్నాడు. ఆ మాటకి నా కొమ్ములు రెండూ ఊడి కింద పడ్డాయి.

కవరు విప్పాం. పాకం దిగి సిరా కరిగిపోయింది. రేటు ఉండాల్సిన చోట గోధుమరంగు మరక. అందరి రేట్లూ చదివేశాక సాహెబు నోటితో చెబితే చెల్లదు. ఆఫీసరుగారి దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనన్నాను. "అదే నోటీసు మీద ముగ్గురి దగ్గరా మళ్ళీ తీసుకో. ఈసారి ఒక్క చీమ కనబడిందో, నువ్వు కనబడవు" అన్నారు.

షావుకార్లలో పెద్దాయన అప్పలశెట్టి నన్ను చూసి మండిపడ్డాడు. "మా రేటు ఊరంతా ఇనేసేక మళ్ళీ ఏటయ్యా? సాహెబు బెల్లం పూత్తే మాకేటి సంబంధం?" గంటసేపు బతిమాలితే ఒప్పుకున్నాడు.

మూడు కవర్లూ మళ్ళీ వచ్చాయి. మూడింటికీ బెల్లప్పాకమే! "నోటీసు ఒప్పుకుంటే మాకు మాత్రం లక్క ఖర్చెందుకు?" అన్నాడు శెట్టి.

ఇక సొరుగు పనికిరాదు. నీళ్ళ మధ్య ఇటుక పెట్టి, దాని మీద కవర్లు పెట్టడమొకటే దారి. నీళ్ళు పోయడానికి కచేరీలో చిల్లులేని పాత్ర ఏది? పరుగెత్తి సాహెబు దుకాణం నుంచి ఒక రేకు పళ్ళెం తెచ్చాను. శెట్టి చూశాడు. "సాహెబు పళ్ళెంలో మా కొటేషనా? ఇదేం నాయం?" అని వీధి అదిరేలా అరిచాడు. పళ్ళెం వెనక్కిచ్చి, మా ఇంట్లో పప్పు వండే ఇత్తడి గిన్నె ఎత్తుకొచ్చాను. మూడు రోజులు దాని పక్కనే కూర్చున్నాను. బెల్లం బజారు జనం పనిమాలా వచ్చి, పసిబిడ్డని చూసినట్టు చూసిపోయారు.

కవర్లు విప్పేవేళకి గిన్నె కోసం మా అమ్మే వచ్చేసింది. గుమ్మంలో నిలబడి, "కాయితాలకి సానం అయిపోయిందా నాయినా? ఇంట్లో పప్పు ఉడికి మూడ్రోజులైంది" అంది. ఆఫీసరుగారు నవ్వాపుకోలేక కిటికీవైపు తిరిగారు.

సాహెబు రేటే తక్కువ. ఆర్డరు వచ్చింది, పర్మిట్టు వచ్చింది. వారం తిరక్కుండా స్టేషను దారిలో సుత్తిమోత మొదలైంది. నేను పోతుంటే పిలిచి, "బాబూ, మీ పున్యాన రెండుసార్లు రాసేను. ఆళ్ళ రేట్లు తెలిసేయి కదా, రెండోసారి బాగా లెక్కేసి మొదటి రేటు కన్నా కొంచెం ఎక్కువే ఏసేను" అన్నాడు.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో లోపల ఏముందో చూడకుండా ఎవరి కాగితాన్నీ కాదనను. అడగని రసీదు ఇవ్వను. ఎంత గొప్ప సర్కారు పని అయినా సరే, మా అమ్మనడిగి తప్ప వంటింట్లో గిన్నె ముట్టను.