రే అంకుల్ ఆఖరి త్రో

నిన్న మా చిన్నదాని మడమ కొత్త బూట్లకి ఒరుసుకుపోతే, షార్జా అల్ నహ్దాలో మా బిల్డింగు కిందున్న మందుల షాపు నుంచి తెల్ల ప్లాస్టర్ చుట్ట తెచ్చాను. మూత తియ్యగానే జిగురూ మందూ కలిసిన వాసన గుప్పుమంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎనభైల మొదట్లో, ఇదే ఊళ్లో మా ఇల్లంతా అదే వాసన. అమ్మ ఆసుపత్రిలో నర్సు. చిరిగిన పుస్తకానికీ, కారే గొట్టానికీ, తెగిన చెప్పుకీ ఆవిడ దగ్గర ఒకటే వైద్యం, ఆ ప్లాస్టరు. ఒక్కసారే ఆ వైద్యం వికటించింది.

వేసవంతా కిటికీ ఏసీ గడగడ వింటూ, ఉక్కకి తడిసిన గోడలు చూస్తూ గదిలోనే పడుండేవాళ్లం. నవంబరు వచ్చి గాలి చల్లబడ్డాక, శుక్రవారం పొద్దున్నే వేడి ఇరానీ రొట్టె చుట్టుకుని తింటూ, వీధి చివర ఇసక మైదానానికి పరిగెత్తేవాళ్లం. అక్కడ మలయాళీ పిల్లలు క్రికెట్టు, పఠాన్ డ్రైవర్లు వాలీబాలు ఆడుతుంటే, ఓ పక్కన రే అంకుల్ ఒక్కరే నిలబడి, పీచు తియ్యని కొబ్బరికాయలా ఉండే తోలుబంతిని పాత టైరు కన్నంలోంచి విసిరేవారు. చమురు కంపెనీలో పనిచేసే అమెరికా ఆయన. మా పక్క బిల్డింగులోనే ఉండేవారు. భుజం నొప్పికని అమ్మ వార్డుకి వచ్చి పరిచయమై, డిసెంబరులో నర్సులందరూ మా వంటింట్లో చేరి పాలకొల్లు బెల్లంతో అరిసెలు వత్తే నాటికి, చెప్పాపెట్టకుండా వచ్చి పీట వాల్చుకుని కూర్చునేంత దగ్గరయ్యారు.

ఆయన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీములో క్వార్టర్‌బ్యాక్ అట. అంటే బంతి ముందు ఆయన చేతికే వస్తుంది. దున్నపోతుల్లాంటి మనుషులు మీదకి వచ్చి పడేలోగా, ఎవరికి విసరాలో ఆయనే తేల్చుకోవాలి. మూడేళ్లు బెంచీ మీదే కూర్చున్నారట. నాలుగో ఏడు ముందున్న కుర్రాడి మోకాలు విరిగితే ఈయన్ని దింపారు. వరసగా గెలిచారు. ఊళ్లో మంగలి ఈయన జుట్టు ఊరికే కత్తిరించేవాడట, గొప్పలు చెప్పుకోవచ్చని. ఆఖరి మ్యాచ్‌లో, ఆఖరి నిమిషంలో, గెలుపు ఒక్క త్రో దూరంలో ఉండగా ఈయన విసిరిన బంతిని అవతలి టీమువాడు పట్టేసుకున్నాడు. ఆ విసురుకే భుజమూ పోయింది. పెద్ద టీములేవీ పిలవలేదు. “అంతే, ఖలాస్” అని చేతులు దులిపేసుకుని అరిసె కొరికేవారు.

ఆ మ్యాచ్ ఆఖరి అరగంటని వాళ్ల నాన్న రేడియోలోంచి క్యాసెట్టుకెక్కించి, ఎవరూ చెరపకుండా పైనున్న ప్లాస్టిక్ ముక్క విరిచి దాచారు. ఆయన పోయాక రే అంకుల్‌కి మిగిలింది అదొక్కటే. అదీ ఒక్కటే కాపీ. నేను పట్టుబట్టి అడిగితే వినడానికిచ్చారు. అర్థమైంది తక్కువే గానీ, సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టిన అలవాటు కదా, నెల తిరిగేసరికి కామెంటరీ అంతా, చెప్పేవాడి దగ్గుతో సహా నోటికొచ్చేసింది.

ఓ రోజు స్కూలు నుంచి వచ్చేసరికి టేప్‌రికార్డరు ఖాళీగా ఉంది. తోటి నర్సు మరియమ్మ ఆంటీకి ఉన్నట్టుండి లీవు దొరికి మధ్యాహ్నం ఫ్లయిటుకి ఊరెళ్తుంటే, అమ్మ హడావిడిగా అందులో ఉన్న క్యాసెట్టు మీదే అమ్మమ్మకి ఉత్తరం చెప్పి పంపేసింది. ఆ రోజుల్లో మా ఉత్తరాలన్నీ మాటలే. క్యాసెట్టు పైన కన్నముంటే ప్లాస్టరు అంటిస్తే సరి, రికార్డయిపోతుంది. నర్సుల ఇళ్లలో అందరూ చేసేదే.

“అందులో పాటా లేదు, ప్రార్థనా లేదు. ఎవడో ఒకటే అరుపులు. పనికిరాదేమో అనుకున్నానే!” అంది అమ్మ. సంగతి చెప్పగానే “ప్రభువా!” అని గోడకి చేరగిలబడిపోయింది.

రే అంకుల్ కాంట్రాక్టు అయిపోయి వెళ్లడానికి నాలుగు రోజులుంది. పాలకొల్లులో మా వాళ్లకి ఫోనూ లేదు. ఆయన వస్తువు అక్కడే వదిలేసింది నేను. జాగ్రత్త అని అమ్మకి ఒక్క ముక్క చెప్పనిదీ నేనే.

అమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆయన విన్నారు. కోప్పడలేదు. నేల మీద కూర్చుని పెట్టె సర్దుకుంటూనే ఉన్నారు. తిట్టినా బాగుండేది.

“అంకుల్, నాకంతా వచ్చు. చెప్పనా?” అన్నాను.

ఆయన లేచి కొత్త క్యాసెట్టు పెట్టి బటన్ నొక్కారు. చేతులు కట్టుకుని, క్రిస్మస్ రోజు చర్చిలో వాక్యం చెప్పే పిల్లలా నిలబడి, గోదావరి ఇంగ్లీషులో అరగంట అప్పజెప్పాను. జనం కేకలూ నేనే, ఈలా నేనే. ఆఖరి త్రో వచ్చింది. ఆయన మొహం చూశాను. ఉన్నది చెప్పడానికి నోరు రాలేదు. బంతిని మనవాడే పట్టుకున్నాడనీ, గీత దాటాడనీ, మనమే గెలిచామనీ అరిచేశాను.

ఆయన టేపు ఆపారు. “పట్టుకున్నాడా?” అన్నారు మెల్లిగా.

“పట్టుకున్నాడంకుల్.”

క్యాసెట్టు బయటికి తీసి, పైనున్న ముక్కని గోటితో పుటుక్కున విరిచి, చొక్కా జేబులో వేసుకున్నారు.

పాత క్యాసెట్టు మరో ఆర్నెల్లకి, రెండో పక్క అమ్మమ్మ జవాబుతో తిరిగొచ్చింది. అప్పటికి ఆయన వెళ్లిపోయారు, అడ్రసు లేదు. ఇప్పుడు మైదానం లేదు, దాని మీద పార్కింగు లేచింది. అరిసెలు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. అమ్మా లేదు. నిన్న చిన్నదాని కాలికి ప్లాస్టరేశాక, పాత టేప్‌రికార్డరు దించి ఆ క్యాసెట్టు పెట్టాను. అమ్మ ఊళ్లో అందరికీ పేరు పేరునా వందనాలు చెప్పి, “ఉంటానమ్మా” అంటుంది. వెంటనే జనం హోరు. ఆమె చెరపకుండా మిగిలింది ఆ ఆఖరి నిమిషమే. రే అంకుల్ వెనక్కి మూడడుగులు వేస్తారు, చెయ్యెత్తుతారు.

నేనక్కడే ఆపేస్తాను.