సిగరెట్ డబ్బాలో బ్యాడ్జీ

మొన్న రుద్రారంలో బస్సు కోసం నిలబడ్డప్పుడు పక్కనున్న కాలేజీ కుర్రాడు సిగరెట్ ముట్టించాడు. ఆ పొగ ముక్కుకు తగలగానే నాకు నోట్లో నీళ్లూరాయి. మానేసి యాభై ఏళ్లు కావస్తున్నా నా నాలుకకు సిగ్గు రాలేదు. వెంటనే మూర్తిగారు గుర్తొచ్చారు. ఆయనే లేకపోతే ఈ వయసులో నేను ఇలా బస్సుల కోసం నిలబడేవాణ్ణి కాదేమో.

డెబ్బయ్యో దశకంలో పటాన్‌చెరు వైపు ఒక కర్మాగారంలో ఆయన కింద పనిచేశాను. పెద్ద గొట్టాల అతుకుల్లో లోపలి పగుళ్లు కంటికి కనపడవు. రేడియోధార్మిక పదార్థం పెట్టి వాటిని ఫొటోలు తీసేవాళ్లం. మా ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో తెలియడానికి ఛాతీ మీద ఒక బ్యాడ్జీ ఉండేది. దాని తొడుగులో కాగితం చుట్టిన చిన్న ఫిల్ము. నెలకోసారి దాన్ని బొంబాయి పంపితే లెక్క తేలేది. మాది కొండాపూర్ పక్కన పల్లె, వ్యవసాయం చేసే ఇల్లు. ఆ బ్యాడ్జీని చూసినప్పుడల్లా మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకునేది. అప్పుడామెకు ఐదో నెల. చివరికి నాకూ భయం పట్టుకుంది.

"సార్, జెర నన్ను వేరే పనికి మార్చుండ్రి. పుట్టబోయే బిడ్డకు ఏమన్నయితే ఎట్ల?" అని అడిగాను.

మూర్తిగారిది గుంటూరు వైపు. వాళ్ల నాన్న పొగాకు పండించిన డబ్బుతోనే ఆయన్ని చదివించాడు. నా చేతిలో సిగరెట్ చూసి నవ్వారు. ఆయన వేళ్ల మధ్యా ఒకటి కాలుతూనే ఉంది. "ఇక్కడి పనికి భయపడతావు, దానికి భయపడవేమయ్యా మల్లేశం? పొగాకు ఆకు జిగురుగా ఉంటుంది. గాల్లో, ఎరువులో ఉండే రేడియోధార్మిక ధూళి దానికి పట్టుకుంటుంది. అందులో పొలోనియం అని ఒకటి ఉంది. అది పొగతోపాటు నేరుగా లోపలికి పోతుంది" అన్నారు. ఏదో పత్రికలో చదివారట.

తను తాగుతూ నాకు నీతులా అని ఒళ్లు మండింది. ఆయన మాట తప్పని తేల్చాలని, కొత్త నెల ఫిల్ము రాగానే దాన్ని ఇంటికి పట్టుకెళ్లి, సిగరెట్లు దాచుకునే డబ్బాలో పెట్టి మూత బిగించాను. నెలంతా ఖాళీ తొడుగు తగిలించుకుని పనిచేశాను. లెక్క వచ్చింది, అందులో ఏమీ లేదు. గెలిచినవాడిలా వెళ్లి ఆ కాగితం ఆయన ముందు పెట్టాను.

"సూడుండ్రి సార్. నెలంత సిగరెట్లల్ల పెట్టిన. ఏం రాలే."

ఆయన మొహం పాలిపోయింది. "అయితే ఈ నెల నీ ఒంటికి ఎంత తగిలిందో ఎవరికీ తెలియదన్నమాట" అన్నారు మెల్లగా. ఆ ఆలోచనే నాకు రాలేదు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆయన పైవాళ్లకు ఉన్నది ఉన్నట్టు రాశారు, కనిపెట్టి చూడకపోవడం తన తప్పని కూడా రాశారు. మూడు నెలలు నన్ను ఫిల్ములు కడిగే గదిలో కూర్చోబెట్టి నా వంతు పని కూడా తనే చేశారు.

ఒకరోజు ఆ గదికి వచ్చి, ఫిల్ముకు చుట్టే కాగితం నా చేతిలో పెట్టారు. "పొలోనియం కిరణం ఈ కాగితాన్ని కూడా దాటలేదు. అందుకే నీ ఫిల్ము మీద పడలేదు. మన ఊపిరితిత్తులకు కాగితం చుట్టి లేదుగా మల్లేశం" అన్నారు.

ఆ సాయంత్రమే మానేశానంటే అబద్ధం. నానా తంటాలు పడి, అయినదానికీ కానిదానికీ ఇంట్లో అరిచి, పాప పుట్టేనాటికి మానేశాను.

పాపను చూడటానికి మూర్తిగారు మా ఊరు వచ్చారు. వాకిట్లోనే ఆగిపోయారు. "లోపటికి రాండ్రి సార్, బిడ్డను ఎత్తుకోండ్రి" అంది మా ఆవిడ.

"వద్దమ్మా. దారిలో తాగాను, చొక్కా నిండా అదే. ఇక్కణ్ణుంచే చూస్తాను. కాస్త ఇటు తిప్పు."

చాలాసేపు అలాగే చూసి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. నన్ను కాపాడిన మనిషి అని ఆయన గురించి అందరికీ చెప్పుకున్నాను, ఇప్పటికీ చెప్పుకుంటాను. కానీ ఆ ఆరేళ్లలో ఒక్కసారైనా "మీరు గూడ బంద్ చెయ్యుండ్రి సార్" అని అనలేదు. అంత పెద్దాయనకు నేను చెప్పడమేమిటని ఊరుకున్నాను. చెప్పవలసింది.